ముర్టీ తినడం మానేశాడు

కార్పి, ఇటలీ
20 ఫిబ్రవరి 2006

నోరీన్ అక్కా,

మూడు ఆదివారాలుగా ఫోన్ చేస్తున్నాను. మోగుతుంది, మోగుతుంది, ఎవరూ ఎత్తరు. భయమేసి పక్కింటి మిక్ బొహాన్‌కి చేశాను. "మీ అక్కకేం, గుండ్రాయిలా ఉంది. ఫోను పీకి అలమరలో పడేసింది, అంతే" అన్నాడు. పీకడం దేనికక్కా? సరే, అడగను. కాగితాలు కొనుక్కొచ్చుకున్నాను. ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందో, అప్పుడే వేళ్ళు లాగుతున్నాయి.

ఇక్కడ పొగమంచు వదలడం లేదు. పొద్దున లేస్తే ఎదురిల్లు కనపడదు. నా పని నీకు తెలిసిందే. పందేలు మానేసిన గ్రేహౌండ్ కుక్కలకి ఇళ్ళు వెతికి పెట్టడం, ఆ ఇళ్ళలో ఎలా బతకాలో తెలియక వాటికి పట్టే బెంగకి వైద్యం చెయ్యడం. పాపం వాటికి మెట్లంటే తెలియదు, అద్దమంటే తెలియదు, ఒంటరిగా పడుకోవడం అసలే తెలియదు. ఇంటివాళ్ళు రెండు గంటలు మాట్లాడతారు, కుక్క ఒక మూల పడుకుని నా వైపు చూస్తుంది. సాయంత్రానికి నాకూ ఒక మూల పడుకోవాలనిపిస్తుంది.

అసలు సంగతికి వస్తాను. జనవరిలో మీ కుక్కల కొట్టం నుంచి వ్యానులో వచ్చిన వాటిలో ముర్టీ ఉన్నాడు కదా, ఆ పెద్ద నల్లవాడు. వచ్చిన వాటిలో వాడంత నెమ్మదస్తుడు లేడని మంచి ఇల్లు చూసి ఇచ్చాను. లొరెడానా అని బడిపంతులమ్మ, వాళ్ళ నాన్న ఎర్మెస్. ఆయనకి ఎనభై దాటాయి, రెండు మోకాళ్ళూ పోయాయి. ఇంటి వెనక పియర్ తోట, ఇంట్లో పెద్ద సోఫా. ఇంకేం కావాలి అనుకున్నాను.

పగలంతా బంగారం. సాయంత్రం ఆ ముసలాయన వంటింట్లో తన కుర్చీలోకి వచ్చి కూర్చోగానే మొదలవుతుంది. ఒళ్ళంతా వణుకు. పళ్ళు టకటక కొట్టుకుంటాయి. సన్నగా మూలుగుతాడు. గిన్నెలో ఏం పెట్టినా ముట్టడు. ఆ తర్వాత వీధి తలుపు సందులో ముక్కు పెట్టి, అందరూ పడుకునేదాకా అలాగే నిలబడతాడు. పక్కటెముకలు బయటికి వచ్చేశాయి.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మీ దగ్గర ముర్టీని ఎవరైనా పెద్దాయన కొట్టేవాడా? ఈ తాతలాగే నెమ్మదిగా నడుస్తూ, పెద్ద పెద్ద చేతులున్న మనిషి? నాకు తెలిస్తే వైద్యం సులువవుతుంది.

నువ్వు తింటున్నావా?

తమ్ముడు
ఫింటన్


థర్లెస్ దగ్గర, ఇంటి నుంచే
28 ఫిబ్రవరి

ఒరేయ్ ఫింటన్,

నీ ఉత్తరం అందింది. రెండు సార్లు చదివాను, మొదటిసారి నమ్మలేక.

ఈ కొట్టంలో నెమ్మదిగా నడుస్తూ, పెద్ద పెద్ద చేతులున్న మగవాడు ఒక్కడే. నవంబర్లో అతన్ని మట్టిలో పెట్టి వచ్చాం. శవపెట్టె మోసిన వాళ్ళలో నువ్వూ ఉన్నావు. కొత్త బూట్లు వేసుకొచ్చి బురదలో జారావు కూడా. ఇప్పుడు ఇటలీలో కూర్చుని, మీ ఆయన కుక్కల్ని కొట్టేవాడా అని అడుగుతున్నావా?

మీ బావ ఒక కుక్క మీద చెయ్యెత్తగా నేను చూడలేదు. నా మీద గొంతెత్తాడు, మిక్ మీద ఎత్తాడు, ఆ పంది మాంసం కొట్టువాడి మీదైతే వారానికోసారి ఎత్తేవాడు. కుక్క మీద ఎప్పుడూ లేదు. ముర్టీ పుట్టిన రాత్రి వాడికి ఊపిరి అందకపోతే చొక్కా లోపల పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాడు. నువ్వు చదువుకునే రోజుల్లో నాలుగేళ్ళు మా ఇంట్లో తిన్నావు. అప్పుడు చూడలేదా? ఓహో, నువ్వెక్కడ చూస్తావు. పందెం సాయంత్రాల్లో నువ్వు పుస్తకం పట్టుకుని వంటింట్లో మొహం ముడుచుకుని కూర్చునేవాడివి. కుక్కల్ని పరిగెత్తించడం పాపమని మాకు నీతులు చెప్పేవాడివి. మా సూపు తాగుతూ చెప్పేవాడివి.

ముర్టీకి ఏ జబ్బూ లేదు. ముద్దు ఎక్కువైంది, అంతే. ఆ పంతులమ్మ సోఫా ఎక్కించి, జున్ను తినిపించి ఉంటుంది. ముతక రొట్టె మాంసం నీళ్ళలో నానబెట్టి పెట్టమను. అదీ తినకపోతే గిన్నె తీసెయ్యమను. ఆకలేస్తే వాడే తింటాడు.

ఫోను ఎందుకు పీకానని అడగను అంటూనే అడిగావు. మోగినప్పుడల్లా ఎవడో ఒకడు "డెక్లన్ ఉన్నాడా?" అంటాడు. కెర్రీ నుంచో కార్క్ నుంచో కుక్కల మనిషి, కబురు తెలియనివాడు. నేను చెప్పాలి. చెబితే వాడు ఏడుస్తాడు, నేను ఓదార్చాలి. నాకు ఓపిక లేదు.

ఇంకా నీ అక్కనే,
నోరీన్


కార్పి
8 మార్చి

అక్కా,

నేను బావని అనలేదు. బావ అని నా మనసులో కూడా లేదు. మీ దగ్గర పనికి వచ్చిపోయే వాళ్ళుంటారని అడిగాను. ఆ మాటలు అలా రాయడం నా బుద్ధి తక్కువ.

కానీ అక్కా, నీ మాట కాదనలేను, నా కళ్ళతో చూసింది కాదనలేను. కుక్కలు భయాన్ని నటించలేవు. కొట్టకపోయినా ఒక్కోసారి గట్టిగా మాట్లాడితే చాలు, కొన్ని కుక్కలు ఏళ్ళ తరబడి మరిచిపోవు. అది ఎవరి తప్పూ కాదు. బావ మంచివాడు. మంచివాడికి కూడా ఏదో ఒక రోజు చిరాకు పుట్టవచ్చు కదా. ఇంతకంటే ఏమీ అనడం లేదు.

ముర్టీకి బెంగ తగ్గడానికి మాత్రలు మొదలుపెట్టాను. మూడు నాలుగు వారాలకి గాని పట్టవు. ఈలోగా ఎర్మెస్ తాతని ముర్టీ కళ్ళలోకి చూడవద్దన్నాను, పక్కకి తిరిగి కూర్చుని దూరం నుంచి జున్ను ముక్కలు వేయమన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "డాక్టరు గారూ, యుద్ధంలో జర్మన్లు వచ్చినప్పుడే నేను పక్కకి తిరిగి కూర్చోలేదు. ఇప్పుడు నా వంటింట్లో, నా కుర్చీలో, కుక్కకి మొహం చాటెయ్యమంటారా?" అన్నాడు. లొరెడానా "నాన్నా!" అని అరిచింది. ఆయన పక్కకి తిరిగాడు, కానీ జున్ను ముక్కలు తనే తిన్నాడు.

నువ్వన్న ముతక రొట్టె కూడా పెట్టించాను. ముట్టలేదు. చిత్రమేమిటంటే పొద్దున లేవగానే అదే రొట్టె గిన్నె నాకేస్తాడు. సాయంత్రమే ఈ గొడవ.

నువ్వు తింటున్నావా అని అడిగాను. జవాబు రాయలేదు.

ఫింటన్


థర్లెస్
15 మార్చి

ఫింటన్,

"మంచివాడికి కూడా ఏదో ఒక రోజు చిరాకు పుట్టవచ్చు" అన్నావు. చచ్చిపోయినవాడు నీకు జవాబు చెప్పలేడు కాబట్టి నేను చెబుతున్నాను. ఇక మీద ఆ కుక్క సంగతి నాకు రాయకు.

కొట్టం మూసేశాను. అన్ని కుక్కలూ వెళ్ళిపోయాయి, పెగ్ ఒక్కతే మిగిలింది. ముర్టీతో ఒకే గదిలో ఉండేది, నాలుగేళ్ళు వాడి పక్కనే పడుకుంది. ముసలిదయింది, దాన్ని ఎవరు తీసుకుంటారు? కాగితం ముక్కల పడకలో తల దూర్చి పడుకుంటుంది. నేను పిలిచినా లేవదు. ఇంట్లోకి రమ్మంటే రాదు. మేమిద్దరం ఒకరి జోలికి ఒకరం పోము.

తిండి సంగతి అడిగావు. పొద్దున తింటాను. సాయంత్రం ఆకలెయ్యదు. బాగా పొద్దుపోయాక ఒక రొట్టె ముక్క, అదీ నిలబడే. పందెం రోజుల అలవాటు. వ్యాను ఇంటికొచ్చేదాకా పొయ్యి మీద ఏదీ పెట్టేదాన్ని కాదు. ఇందులో డాక్టర్లు పట్టించుకోవాల్సింది ఏమీ లేదు.

నోరీన్


కార్పి
25 మార్చి

అక్కా,

రాయవద్దన్నావు. రాయకుండా ఉండలేని పరిస్థితి వచ్చింది. ఈ ఒక్కసారికి చదువు.

మంగళవారం సాయంత్రం ముర్టీ ఎర్మెస్ తాత మీదికి ఎక్కాడు. ఆయన కింద పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది, కట్టు కట్టారు. నేను వెళ్ళేసరికి లొరెడానా వాకిట్లోనే నిలబడి ఉంది. "మీ మాట నమ్మి తెచ్చుకున్నాను. మా నాన్న తల నేలకి తగిలుంటే ఏమయ్యేది? పండగ దాకా చూస్తాను. ఈస్టర్ అయ్యాక ఈ కుక్క నా ఇంట్లో ఉండకూడదు" అంది. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేముంది?

ముర్టీని ఇప్పుడు వాళ్ళ ట్రాక్టరు షెడ్డులో పెట్టారు. ముసలి మనిషిని పడగొట్టిన కుక్కని ఇంకో ఇంటికి ఇవ్వలేను. దాచి ఇవ్వడం నావల్ల కాదు. ఇక్కడ కుక్కల ఆశ్రమంలో సిమెంటు గదిలో ఏళ్ళ తరబడి పడుండటం వాడికి బతుకు కాదు. అంటే ఏం మిగిలిందో నీకు తెలుసు. మత్తు సూది ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చాల్సిన వాణ్ణి నేనే. ఈ పనిలోకి వచ్చింది ఇందుకు కాదక్కా. ఇరవై ఏళ్ళుగా ఇందుకు కాదనుకుంటూనే చేస్తున్నాను.

ఏం జరిగిందని ఎర్మెస్ తాతని విడిగా అడిగాను. రోజూ సాయంత్రం ఆయన కుర్చీలోకి రాకముందు కూతురు ఆయన మోకాళ్ళకి నొప్పుల తైలం పట్టించి రుద్దుతుంది. ఆ రోజు ఆవిడకి ఆలస్యమైందని ఈయన తనే రుద్దుకుని, చేతులు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు. ముర్టీ వణుకుతూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఈయన జేబులో కళ్ళజోడు ఉందా అని గుండె మీద తట్టుకున్నాడట. అంతే, వాడు లేచి రెండు ముందరికాళ్ళూ ఆయన భుజాల మీద వేశాడు. "కరవలేదు డాక్టరు గారూ. గుర్రుమనలేదు. చెంప పక్కన చెంప పెట్టి రాయిలా నిలబడ్డాడు. మా ఆవిడ పోయాక నన్ను అంత దగ్గరగా ఎవరూ పట్టుకోలేదు. నా మోకాళ్ళే మోసం చేశాయి" అన్నాడు. కూతురు అది వింటే కొడుతుందని నాతో గుసగుసగా చెప్పాడు.

మాత్రలు ఎక్కువయ్యాయా అని ఒక అనుమానం. భయం ముదిరి మీద పడ్డాడా అని ఇంకో అనుమానం. నాకు ఏదీ తెలియడం లేదు.

ఇంకోటి చెబుతాను, నవ్వకు. ఆ వంటింట్లోకి ఎప్పుడు వెళ్ళినా నాకు మన ఇల్లు గుర్తొస్తుంది. మన ఇల్లంటే అమ్మా నాన్నల ఇల్లు కాదు, మీ వంటింట్లో నేను చదువుకున్న ఆ బల్ల, తలుపు తీసుకుని బావ లోపలికి రావడం. మొదటిసారి వెళ్ళినప్పుడు లొరెడానా ఎదురుగానే కళ్ళలో నీళ్ళొచ్చాయి. పొగమంచు పడదని చెప్పి తప్పించుకున్నాను. ఎందుకలా అవుతుందో అర్థం కాలేదు. అలసట అయి ఉంటుంది.

బావ గురించి నేను రాసినదానికి క్షమించు. ముర్టీ గురించి నీకు తెలిసింది ఏదైనా ఉంటే చెప్పు. ఏదైనా సరే.

ఫింటన్


థర్లెస్
31 మార్చి

ఒరేయ్ ఫింటన్,

దీన్ని అన్నిటికంటే త్వరగా చేరే తపాలాలో పంపుతున్నాను. సూది లోపల పెట్టు. పెట్టి చదువు.

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదువుతున్నాను. గుండె మీద తట్టుకున్నాడు, వాడు భుజాల మీద కాళ్ళేసి రాయిలా నిలబడ్డాడు అన్న చోటికి వచ్చేసరికి కూర్చోవాల్సి వచ్చింది. అది మీద పడటం కాదురా. అది మీ బావ నేర్పిన పని.

డెక్లన్‌కి నడుం వంగేది కాదు, నీకు గుర్తుందో లేదో. అందరూ కిందికి వంగి కుక్క కండలు తడిమి చూస్తారు, ఏమైనా పట్టేసిందా అని. ఇతను వంగలేక కుక్కల్నే లేపేవాడు. పందెం రోజు సాయంత్రం కొట్టంలో ఒక్కొక్కదానికీ తొడలకి, వీపుకి తైలం పట్టించి రుద్ది, చేతులు తుడుచుకుని, లేచి తన గుండె మీద తట్టేవాడు. కుక్క లేచి భుజాల మీద కాళ్ళు వేసేది. అది నిలబడి ఉండగా తొడల లోపలి కండలు తడిమి చూసి, చెవిలో "శభాష్ నాయనా" అనేవాడు. ఆ మాట అనేదాకా కుక్క కదలకూడదు. ఆ తర్వాత మూతికి చిక్కం, ఒంటికి కోటు, వ్యాను. ఇంకెవరూ ఇలా చెయ్యరు, చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. "ఏం డెక్లన్, కుక్కతో డాన్సు నేర్చుకుంటున్నావా?" అని మిక్ ఏడిపించేవాడు. అందరిలో ముర్టీయే బాగా నిలబడేవాడు.

అర్థమైందా? ఆ ముసలాయన తైలం రుద్దుకున్నాడు, చేతులు తుడుచుకున్నాడు, లేచి గుండె మీద తట్టాడు. ముర్టీ చెప్పిన పని చేశాడు. "శభాష్ నాయనా" అంటారని ఎదురుచూశాడు. దానికి మీరు ట్రాక్టరు షెడ్డులో పెట్టారు.

అయినా ఒట్టి ఊహ మీద నీకు రాయకూడదనుకున్నాను. డెక్లన్ తైలం సీసా కొట్టం గూట్లో అలాగే ఉంది. నవంబర్ నుంచి దాని వైపు చూడలేదు. వెళ్ళి మూత తీసి అరచేతిలో పోసుకున్నాను. పెగ్ కాగితాల్లోంచి తలెత్తింది. నేను ఎన్ని వారాలు పిలిచినా లేవనిది లేచి నిలబడింది. ఒళ్ళంతా వణుకు, పళ్ళు టకటక. నువ్వు రాసిందే, అచ్చంగా. నా దగ్గరికి వచ్చి నా వంక చూడలేదురా. నా వెనక తలుపు వంక చూసింది. అతను వస్తాడని. కాసేపు చూసి, బయటికి నడిచి వ్యాను పక్కన నిలబడింది. నేను బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని ఏడ్చాను. పాతిపెట్టిన రోజు ఏడవలేదు, అందరికీ టీలు ఇవ్వాలి కదా. ఇప్పుడు ఏడ్చాను.

ముర్టీది భయం కాదు ఫింటన్. వాడికి రోజూ సాయంత్రం పందెమే. పరుగయ్యేదాకా తినకూడదని వాడికి తెలుసు, అందుకే గిన్నె ముట్టడు. వ్యాను రావాలి, అందుకే తలుపు దగ్గర నిలబడతాడు. వ్యాను రాదు. మర్నాడు మళ్ళీ తైలం వాసన. జనవరి నుంచి వాడు మొదలవని పందేనికి ఎదురుచూస్తున్నాడు.

ఆ వాసన నీకూ తగిలింది. బావ లోపలికి రావడం గుర్తొచ్చిందని నువ్వే రాశావు కదరా. పందెం రోజుల్లో అతను వంటింట్లోకి వస్తే ముందు వాసనే వచ్చేది. నువ్వు ఏడ్చావు, కుక్క వణికింది. కుక్కకి మాత్రలు రాశావు. నేను మాత్రం తక్కువ తిన్నానా? నలభై ఏళ్ళు కుక్కలతో బతికి, ముద్దు ఎక్కువైందని తేల్చేశాను. మీ బావని అన్నావన్న మంటలో కుక్క మాటే మరిచిపోయాను.

ఇప్పుడు చెయ్యాల్సింది విను. తైలం మాన్పించడం ఒక దారి. ఆ తాత వినడని నువ్వు రాసినదాన్ని బట్టే తెలుస్తోంది. కాబట్టి పందెం పూర్తి చెయ్యండి. తైలం రాశాక వాణ్ణి కంచె ఉన్న చోటికి తీసుకెళ్ళి ఒక్క పరుగు పరిగెత్తనివ్వండి. వెనక్కి తెచ్చాక కాళ్ళు కడగాలి. ఇదే ముఖ్యం. మైదానంలో ఇసుక వేళ్ళ మధ్య ఇరుక్కుంటుంది. డెక్లన్ గోరువెచ్చని నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి ఒక్కో కాలూ కడిగి, వేళ్ళ సందుల్లో గుడ్డతో తుడిచేవాడు. గెలిచిన కుక్కకీ కడిగేవాడు, చిట్టచివర వచ్చిన కుక్కకీ కడిగేవాడు. నాలుగు కాళ్ళూ కడిగితే కుక్కకి ఆ రోజు పని అయిపోయినట్టు. అప్పుడు తింటుంది, అప్పుడు పడుకుంటుంది.

ఆ పంతులమ్మకి నా పేరు చెప్పి అడుగు. కుక్కని పెంచిన మనిషి బతిమాలుకుంటోందని చెప్పు.

నీ మీద కోపం పోలేదు. దాని సంగతి తర్వాత చూసుకుందాం.

నోరీన్


కార్పి
15 ఏప్రిల్

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజే లొరెడానా ఇంటికి వెళ్ళాను. వాకిట్లోనే నిలబెట్టింది. నీ ఉత్తరం మొత్తం ఆవిడకి ఇటాలియన్‌లో చెప్పాను. పెగ్ తలుపు వంక చూసిన చోటు రెండుసార్లు చెప్పాను. ఆవిడ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని, "లోపలికి రండి" అంది. అంతలోనే, "ఇది పని చెయ్యకపోతే పండగ అయ్యాక మాట మాటే" అంది కూడా.

మొదటి రోజు కుదరలేదు. కుదరకపోవడం నా తప్పే. తోటలో పరిగెత్తించాం, బాగానే పరిగెత్తాడు. నేను హడావిడిలో కుళాయి నీళ్ళతో ముందరి రెండు కాళ్ళూ కడిగి గిన్నె పెట్టాను. వాసన చూసి మళ్ళీ తలుపు దగ్గరికి పోయాడు. లొరెడానా నా వంక చూసిన చూపు నీకు చెప్పలేను. ఎర్మెస్ తాత కుర్చీలోంచి, "ఆ ఉత్తరం మళ్ళీ చదవండి డాక్టరు గారూ. గోరువెచ్చనివి అంది కదా ఆవిడ. నాలుగు అంది కదా. ఉప్పు ఏది?" అన్నాడు. నీ ఉత్తరం నాకంటే ఆయన బాగా విన్నాడు.

మర్నాడు లొరెడానాయే నీళ్ళు కాచింది. ఎర్మెస్ తాతని గోడకి ఆనించి కూర్చోబెట్టి, అన్నీ వరసగా చేశాం. తైలం రుద్దాం. ఆయన బాగున్న చేత్తో గుండె మీద తట్టాడు. వాడు లేచాడు. నేను వెనక నుంచి బరువు పట్టుకున్నాను. ఆయనకి "శభాష్ నాయనా" అనడం మన భాషలోనే నేర్పాను. పలకడం ఘోరంగా పలికాడు. అయినా ముర్టీ ఆ మాట వినగానే కిందికి దిగాడక్కా. తోటలో ఒక చుట్టు పరిగెత్తి నాలుక వేలాడేసుకుని వచ్చాడు. లొరెడానా నేల మీద కూర్చుని కాళ్ళు కడగడం మొదలుపెట్టింది. మూడు కడిగింది. నాలుగోది వాడే ఎత్తి ఇచ్చాడు.

గిన్నె ఊడ్చేశాడు. తాత కుర్చీ పక్కన ముడుచుకుని పడుకున్నాడు. కాసేపటికి నిద్రలో కాళ్ళు ఆడిస్తున్నాడు. లొరెడానా ఆ తడి గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

అప్పటి నుంచి రోజూ తింటున్నాడు. మొన్న గురువారం చర్చిలో పాదాలు కడిగే పూజకి వెళ్ళలేదేమని పక్కింటావిడ లొరెడానాని అడిగితే, "మా ఇంట్లో రోజూ కడుగుతున్నాం" అందట. రేపే పండగ. ముర్టీని ఎప్పుడు తీసుకెళ్ళమంటారని నేనే అడిగాను. "ఎక్కడికి తీసుకెళ్తారు?" అని తాత నా మీద అరిచాడు. ఆవిడ వాడి గిన్నె కడగడానికి లోపలికి వెళ్ళింది. ఉంచుకుంటారక్కా. మాత్రలు నెమ్మదిగా తగ్గిస్తున్నాను.

బావ చేతుల గురించి నేను అడిగిన ప్రశ్న ఉంది కదా. ఆ చేతుల కోసమే వాడు అన్ని రోజులు తిండి మానేశాడు. నేను దాన్ని భయం అనుకున్నాను. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

నీ కోపం తీరేదాకా ఎదురుచూసే,
ఫింటన్


థర్లెస్
24 ఏప్రిల్

ఒరేయ్ తమ్ముడూ,

నాలుగోది వాడే ఎత్తి ఇచ్చాడన్న చోట ఉత్తరం మడిచి, కొట్టం దాకా నడిచి వచ్చి, మళ్ళీ విప్పి చదివాను. మిక్‌కి కూడా చదివి వినిపించాను. తలుపు పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నాడు. "మీ ఆయన డాన్సు ఇటలీ దాకా వెళ్ళిందన్నమాట" అన్నాడు. ఆ ఇంటివాళ్ళకి నా దండాలు చెప్పు. తాతకి నేనో మేజోళ్ళ జత అల్లుతున్నాను, మోకాళ్ళ దాకా వచ్చేవి.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోజు తైలం మూత తీశానా, పెగ్ వ్యాను పక్కన నిలబడిందా, నేను ఏడ్చి ఏడ్చి మూత బిగించి దాన్ని మెడ పట్టుకుని కొట్టంలోకి లాక్కొచ్చి పడుకోబెట్టాను. నీకు పెద్ద పాఠం చెప్పి, నేను దానికి చేసింది అదే. ముసలిదాన్ని పందేనికి లేపి, పందెం లేకుండా పడుకోబెట్టాను. నీ ఉత్తరం చదివాక గాని నాకు తట్టలేదు.

నిన్న సాయంత్రం సరిగ్గా చేశాను. తైలం పట్టించాను. గుండె మీద తట్టుకున్నాను. అది నా భుజాలు అందుకోలేక నడుం మీదే కాళ్ళు వేసింది. చెవిలో చెప్పాల్సింది చెప్పాను. మిక్ వెనక పొలంలోకి వదిలితే, పరుగని చెప్పలేను గాని, ఆ చివర దాకా పోయి వచ్చింది, తోక ఎత్తుకుని. వంటింట్లోకి తెచ్చి, నీళ్ళు కాచి, ఉప్పు వేసి, నాలుగు కాళ్ళూ కడిగి వేళ్ళ సందులు తుడిచాను. గిన్నెడు తిన్నది. తిని డెక్లన్ కుర్చీ ఎక్కి పడుకుంది. ఎప్పుడూ ఎక్కనిచ్చేదాన్ని కాదు, నిన్న ఏమీ అనలేదు.

తొట్టెలో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. పారబోద్దామని వంగి, పారబోయలేదు. బూట్లు విప్పి, మేజోళ్ళు తీసి, నా కాళ్ళు అందులో పెట్టుకుని కూర్చున్నాను. నవంబర్ నుంచీ రోజూ సాయంత్రం నేను వింటున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. వ్యాను చప్పుడు కోసం వింటున్నాను ఫింటన్. ఆ వ్యాను వాకిట్లోనే ఉంది, నేనే దాని మీద పట్టా కప్పాను, అయినా వింటున్నాను. పెగ్ ఏమో కుర్చీలో గురక పెడుతోంది.

కాళ్ళు తుడుచుకుని, కుండలో మిగిలిన మాంసం, క్యాబేజీ వేడి చేసుకుని బల్ల దగ్గర కూర్చుని తిన్నాను. ఏడింటికే తిన్నాను.

నీ మీద కోపం పోయింది. ఫోను మళ్ళీ తగిలించాను. ఎవడైనా డెక్లన్ ఉన్నాడా అంటే, లేడు, చనిపోయాడు అని చెబుతాను, చెప్పగలను. ఆదివారం నువ్వు చెయ్యి. ఏడింటికి మాత్రం చెయ్యకు, భోజనం చేస్తుంటాను.

అక్క
నోరీన్